దంచని రాయి

లేజర్ గదిలోంచి వచ్చిన అంకెలు చూడగానే ఆమె చేసిన మొదటి పని, లేచి వెళ్ళి తలుపు మూయడం. వెనకనుంచి ఎవరైనా తొంగిచూస్తారేమోనని భయం. మళ్ళీ కూర్చుని, కళ్ళజోడు తుడుచుకుని, ఆ వరస మొత్తం మొదటినుంచీ చదివింది.

ఊరికి దూరంగా ఉన్న కొండమీద నుంచి తెచ్చిన బూడిదరంగు చారల రాయి అది. తనే సుత్తితో కొట్టి, గుడ్డసంచిలో వేసుకుని, భుజం ఒరుసుకుపోయేలా మోసుకొచ్చింది. ఆ రాయిని దంచాలి, జల్లించాలి, నీళ్ళలో ఊపాలి, ఇనుపరజనంతా అయస్కాంతంతో తీసెయ్యాలి. అంత చేస్తే చివరికి చిటికెడు మిగులుతుంది. అందులోంచి జిర్కాన్ అనే ఖనిజపు గింజల్ని సూదిమొనతో ఒక్కొక్కటే ఏరి జిగురుబిళ్ళలో పొదిగి ఇస్తే, గింజలోని యురేనియం ఎంతవరకు సీసంగా మారిందో లేజరు కొలిచి వయసు చెబుతుంది. గింజల్లో చాలామటుకు ఒకే మాట చెప్పాయి: రెండొందల డెబ్భై కోట్ల ఏళ్ళు. అలాగే చెప్పాలి కూడా. ఆ కొండలన్నిటికీ అదే వయసని, ఈ పరిశోధన సంస్థ నడిపే పెద్దసారు వయసులో ఉన్నప్పుడు గీసిన పటంలో ఉంది. ఆ పటం మీదే ఆయన పేరు నిలబడింది.

కాని మధ్యలో కొన్ని గింజలు మాత్రం మూడొందల ఎనభై కోట్లంటున్నాయి.

భూమ్మీద గట్టినేల ఇంకా అక్కడక్కడ తేలుతున్న రోజులవి. అంత పాతరాయి ఈ చుట్టుపక్కల ఎవరూ చూడలేదు. ఉన్నదల్లా ఒక్కచోట, వరండా చివర, తనకంటే ముందు నుంచీ పరిశోధన చేస్తున్న సీనియర్ బీరువాలో. వేరే ఖండం నుంచి పెట్టెల్లో తెప్పించుకున్న రాళ్ళు అతనివి. వాటిని దంచిన యంత్రంలోనే తన రాయినీ దంచారు. అదీ వాటి తర్వాత వెంటనే.

ఇంకేముంది, కలిసిపోయాయి, అనుకుంది. నెలల తరబడి చేసిన పని మట్టికొట్టుకుపోయింది.

దంచే గది కింద అంతస్తులో, మెట్ల పక్కన ఉంది. అక్కడ పనిచేసే ఆయన్ని అందరూ పిండిమర అంటారు. రాళ్ళను పిండి చేస్తాడు, ఆగకుండా మాట్లాడతాడు. రెండిటికీ కలిపి పెట్టిన పేరది. ఆయనా ఏమీ అనుకోడు. ఫోనెత్తితే "పిండిమర మాట్లాడుతున్నా" అంటాడు. ఆమె చప్పుడు చేయకుండా వెళ్ళి గుమ్మంలో నిలబడింది. ఆయన యంత్రం నోరు తెరిచి, రెండు ఉక్కు దవడల మధ్య తీగబ్రష్షుతో రుద్దుతున్నాడు. రుద్దాక గొట్టంతో గాలి కొట్టాడు. తెల్లటి దుమ్ము లేచి ఆయన కనుబొమల మీద వాలింది. పిడికెడు తెల్ల పలుగురాళ్ళు వేసి మర తిప్పి, ఆ పొడి పారబోసి, మళ్ళీ బ్రష్షు తీసుకున్నాడు.

ఎవరూ చూడనప్పుడు కూడా ఇలాగే చేస్తాడా, అనుకుంది ఆమె.

గాలిగొట్టం కట్టెయ్యడానికి ఆయన అటు తిరిగాడు. ఆమె ముందుకొచ్చి దవడల కింది పలక అంచున వేలు పెట్టి గీసింది. వేలికి పొడి అంటింది. నిజానికి అక్కడింకా బ్రష్షు పడలేదు. ఆ సంగతి ఆమె చూడలేదు. పొడినే చూసింది.

"ఏమ్మా, తనిఖీకొచ్చారా?" ఆయన ఇటు తిరిగి నవ్వాడు.

"అబ్బే, ఊరికే వచ్చాను బాబాయ్." వేలు రుమాలుకి తుడుచుకుంది.

"ఊరికే ఇక్కడికెవరూ రారమ్మా. ముక్కుల్లో దుమ్ము తప్ప ఇక్కడేం దొరుకుతుంది?"

"మొన్న నా రాయి దంచారు కదా. దానికి ముందు సీనియర్‌వి దంచినట్టున్నారు."

"దంచే ఉంటాను. ఆయనవే ఎక్కువొస్తాయి."

"మధ్యలో యంత్రం కడిగారా?"

బ్రష్షు ఆగింది. "కడగకుండా ఎందుకుంటానమ్మా?"

"ఆ రోజు కడిగారా అని."

"రోజూ కడుగుతాను కదా," అన్నాడాయన. ఈసారి నవ్వు కాస్త వెనక్కి తగ్గింది.

అడిగినదానికి సూటిగా చెప్పలేదు. మెట్లెక్కుతూ ఆ మాటే మనసులో తిప్పుకుంది.

*

ఆమె అక్కతో కలిసి ఉంటోంది. అక్కకి బీమా ఆఫీసులో ఉద్యోగం. పరిహారం కావాలని వచ్చేవాళ్ళ మాటల్లో నిజమెంతో తేల్చడం ఆవిడ పని. "కాలు విరిగిందని వస్తే నేను ముందు చెప్పులు చూస్తాను. అరుగుదల రెండిటికీ సమానంగా ఉందనుకో, ఇక ఆ కాలు సంగతి నాకనవసరం," అంటుంది. పాలవాడి దగ్గర్నుంచి పక్కింటి పిల్లి దాకా ఆవిడ అనుమానించనిది లేదు. ఆ పిల్లి కుంటడం కూడా నాటకమే అంటుంది.

చెల్లెలు సంగతంతా చెప్పాక, అక్క ఉల్లిపాయ తరగడం ఆపి అడిగింది.

"రోజూ అన్నాడా, ఆ రోజు అన్నాడా?"

"రోజూ అన్నాడు."

"అయితే కడగలేదు. కడిగినవాడు కడిగానంటాడు. కడగనివాడే 'రోజూ', 'ఎప్పుడూ', 'కడక్కుండా ఎందుకుంటాను' అంటాడు. నా సర్వీసంతా విన్నది ఆ పాటే."

"అలా అని తేల్చెయ్యలేం కదే."

"నువ్వు తేల్చకు. మీ సారుకి చెప్పు, ఆయన తేలుస్తాడు. రేపు నీ గింజలు తప్పని బయటపడితే నీ పేరు పోతుందా, మర తిప్పేవాడి పేరు పోతుందా?"

మర్నాడు పొద్దున్నే ఆమె పెద్దసారుకి చెప్పింది. ఆయన అంకెలున్న కాగితం దూరంగా పట్టుకుని, పెదవి విరిచి, పాత అంకెల మీద పెన్నుతో తేలిగ్గా తట్టాడు.

"ఇందులో వింతేముంది? చెత్త కలిసింది. ఆ కొండలు నాకు కొత్తా?" అన్నాడు. "పిలు వాణ్ణి."

పిండిమర చేతులు కడుక్కుని వచ్చాడు. కడిగినా గోళ్ళ చుట్టూ బూడిదరంగు గీత పోలేదు. సీనియర్ కిటికీ పక్కన నిలబడ్డాడు. కూర్చోమని పిండిమరకి ఎవరూ చెప్పలేదు.

"ఈ అమ్మాయి రాయి దంచేముందు యంత్రం శుభ్రం చేశావా?"

"చేస్తానండి. రోజూ చేస్తాను."

"చేస్తావా అని అడగలేదు. చేశావా?"

పిండిమర సీనియర్ వంక చూశాడు. అతను కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. తర్వాత ఆమె వంక చూశాడు. ఆమె తన చేతిలో కాగితం మడత విప్పి మళ్ళీ అదే మడత పెట్టింది.

"ఆ ఒక్కరోజు విడిగా గుర్తులేదండి," అన్నాడు పిండిమర. ఎప్పుడూ ఊరికి వినబడేలా మాట్లాడే మనిషి, గొంతు ఎక్కడో పెట్టి మర్చిపోయినట్టున్నాడు.

పెద్దసారు కుర్చీలో వెనక్కి వాలాడు. ఆయన గొంతు మెత్తబడింది. "చూడూ, ఇన్నేళ్ళుగా చేస్తున్నావు. నిన్నెవరూ ఏమీ అనడం లేదు. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. జరిగి ఉండొచ్చని ఒక్క మాట అను, ఇక్కడితో వదిలేద్దాం. ఈ అమ్మాయి పని ముందుకెళ్తుంది, నీ పని నీది."

పిండిమర చాలాసేపు గోడమీద పటం వంక చూశాడు. సారు గీసిన పటమే అది. కొండలన్నీ ఒకే గులాబిరంగులో ఉన్నాయి.

"జరిగి ఉండొచ్చండి," అన్నాడు.

"అదీ," అన్నాడు పెద్దసారు.

సాయంత్రం కల్లా దంచే గదికి తాళం పడింది. ఆయన కాంట్రాక్టు రద్దయిందని, తప్పు తనే ఒప్పుకున్నాడు కాబట్టి విచారణ అక్కర్లేకపోయిందని ఆఫీసులో చెప్పారు. ఆమె గబగబా గేటు దాకా వెళ్ళింది. ఆయన అప్పటికే వెళ్ళిపోయాడు. గేటు కాపలాదారు, "పిండిమర ఇవాళ ఒక్క మాట మాట్లాడలేదండి. ఒంట్లో బాగాలేదా?" అని అడిగాడు.

*

కొత్త మనిషి దొరికేదాకా ఎవరి రాళ్ళు వాళ్ళే దంచుకోవాలన్నారు. కొండమీద నుంచి తెచ్చిన ఇంకో సంచి ఆమె దగ్గరుంది. తాళం తీయించుకుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని దిగింది. రాయి దవడల మధ్య పడ్డప్పుడు చప్పుడు చెవుల్లోంచి కాదు, పళ్ళలోంచి వెళ్ళినట్టుంది. పళ్ళెం నిండటం, తీయడం, జల్లెడ పట్టడం, మిగిలిన పెద్దముక్కలు మళ్ళీ వేయడం. మధ్యాహ్నానికి భుజాలు లాగాయి. కడగడం అయ్యేసరికి ఆమె జుట్టంతా నెరిసిపోయినట్టుంది.

రాత్రి భోజనాల దగ్గర అక్క ఆమె జుట్టు చూసి నవ్వింది. "పెళ్ళి చూపులకి ఇలాగే వెళ్దువుగాని. ఇంతకీ కడిగావా?"

"స్నానం చేశాను, ఇంకా పోలేదు."

"నిన్ను కాదు, యంత్రాన్ని."

"కడిగాను. కడక్కుండా ఎందుకుంటాను?"

ఆ మాట అన్నాక ఆమె చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. బ్రష్షు పట్టుకోవడం గుర్తుంది. గాలి కొట్టడం గుర్తుంది. కింది పలక? దాన్ని రుద్దిందా? రుద్దే ఉంటుంది. ప్రతి పళ్ళేనికీ రుద్దింది కదా. కాని ఆ చివరిసారి? ఎంత వెతికినా ఆ చివరిసారి విడిగా దొరకలేదు. అన్నీ కలిసిపోయి ఒకే బ్రష్షు, ఒకే చెయ్యి, ఒకే దుమ్ములా ఉన్నాయి.

"ఏమైంది?" అంది అక్క.

"గుర్తులేదు," అంది ఆమె.

"ఇవాళ్టి సంగతే గుర్తులేదా!"

"లేదే. నిజంగా లేదు."

అక్క ఏదో అనబోయి ఊరుకుంది. ఆవిడ వృత్తిలో ఆ జవాబుకి ఒకటే అర్థం. కాని చెప్పింది చెల్లెలు.

పొద్దున్నే ఆఫీసు తెరవకముందే ఆమె వెళ్ళి గుమ్మం దగ్గర కాపు కాసింది. తాళం తీయగానే లోపలికి పరిగెత్తి కింది పలక మీద వేలు గీసింది. శుభ్రంగా ఉంది. పలక అంచు, దాని వెనక, మూలల్లో అన్నిచోట్లా గీసింది. ఎక్కడా పొడి అంటలేదు. రుద్దింది. గుర్తులేదంతే.

ఆ ఉక్కు చల్లదనం మీద వేలు అలాగే ఉంచి నిలబడిపోయింది. మొన్న ఇదే పలక మీద ఇదే వేలు గీసి ఒక మనిషిని ఇంటికి పంపింది.

అక్కడితో అనుమానం పోలేదు. అది పిండిమర మీద నుంచి లేచి ఇంకో చోట వాలింది. సీనియర్ మీద వాలింది. అతని గింజలు ఏరే పళ్ళెమూ తన పళ్ళెమూ ఒకే బల్లమీద ఉంటాయి. ఒకే సూది అటూ ఇటూ తిరుగుతుంది. ఆ రోజు అతను కిటికీలోంచి ఏం చూశాడు? అడిగితే అతను విసుక్కున్నాడు. "నా సూది నేను జేబులో పెట్టుకుంటాను. నీ సూది సంగతి నువ్వు చూసుకో," అన్నాడు. అప్పట్నుంచి తన బీరువాకి తాళం వేసి, ఆ తాళం లాగి చూసుకుని మరీ వెళ్ళడం మొదలుపెట్టాడు. తర్వాత అనుమానం పెద్దసారు మీద వాలింది. కాగితం ఇలా చూడగానే చెత్త అన్నాడే, కారణం అడగలేదేం?

"ఆ పాత గింజలు నిజమైతే ఎవరికి నష్టం?" అంది అక్క ఆ సాయంత్రం.

"సారు పటానికి. కొండలన్నీ ఒకే వయసని అందులో ఉంది."

"చెత్త కలిసిందంటే ఎవరికి లాభం?"

ఆమె సంచి భుజాన్నుంచి దించింది.

"మర తిప్పేవాడికైతే కాదు," అని అక్కే అంది. తర్వాత, "నేను మొదట అలా అనకుండా ఉండాల్సింది," అంటూ అవసరం లేకపోయినా పొయ్యి గట్టు తుడిచింది.

*

తన గది మూలలో మొదటి రాయిలోంచి మిగిలిన ముక్క ఉంది, అరచేతి మందాన. దంచే గది గుమ్మం తొక్కని ముక్క అది. దాన్ని చూస్తుండగా తట్టింది: దంచకుండా చూస్తే? రాయిని కోసి, గింజ ఎక్కడ పుట్టిందో అక్కడే ఉండగా కొలిస్తే, దవడలూ లేవు, పళ్ళేలూ లేవు, సూదీ లేదు. ఎవరి చెయ్యీ పడదు.

చెప్పినంత తేలిక కాదు. వజ్రపు రంపంతో బిళ్ళలు కోసింది. వాటిని గాజుపలకలకి అతికించి, తడి గరుకుపొడి మీద గుండ్రంగా తిప్పుతూ, వెలుతురు దూరేంత పలచగా అరగదీసింది. కాస్త ఎక్కువ నొక్కితే రాయి మొత్తం చెరిగిపోయి ఉత్త గాజు మిగులుతుంది. అలా రెండు పోయాయి కూడా. వేలికొనలు అరిగి, ఫోను ఆమె వేలిముద్ర గుర్తుపట్టడం మానేసింది. "నీ ఫోను కూడా నిన్ను అనుమానిస్తోంది," అంది అక్క.

పలకల్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి, పొలం దున్నినట్టు ఒక అంచునుంచి ఇంకో అంచుకి వరసగా చూసుకుంటూ పోయింది. పలుగు, ఫెల్డ్‌స్పార్, మళ్ళీ పలుగు. జిర్కాన్లు దొరికాయి. కొలిపిస్తే అన్నీ రెండొందల డెబ్భై కోట్లే. ఒక్కొక్కటీ వస్తుంటే ఆమెకి తను ఏం కోరుకుంటోందో తెలియలేదు. పాతది దొరక్కపోతే పిండిమర మీద మాట ఖాయమవుతుంది. తను అనుమానించింది సరే అవుతుంది. ఆ సరే కావడం తనకి హాయిగా ఉంటుందేమోనన్న ఆలోచన వచ్చి, సిగ్గుపడింది.

ఒక మధ్యాహ్నం, నల్ల అభ్రకపు రేకు ఒకటి కంటబడింది. వెలుతురు దూరి గోధుమరంగుగా కనిపిస్తున్న ఆ రేకు మధ్యలో చిన్న గింజ. దాని చుట్టూ నల్లటి వలయం, కాలి మచ్చ పడ్డట్టు. గింజలోని యురేనియం ఏళ్ళ తరబడి చుట్టూ ఉన్న అభ్రకాన్ని మాడ్చితే పడే మరక అది. నిన్నామొన్నా ఎవరో జారవిడిచిన గింజ చుట్టూ అలాంటి మరక పడదు.

లేజర్ గదిలో కూర్చుని అంకె వచ్చేదాకా ఆమె తెర మీంచి కళ్ళు తీయలేదు. గింజ నడిమికి మూడొందల ఎనభై కోట్లు. దాని మీద తర్వాత పేరుకున్న పలచటి పొరకి రెండొందల డెబ్భై.

మళ్ళీ కొలవమంది. మళ్ళీ అదే.

అంటే ఈ రాయి పుట్టకముందే ఇక్కడెక్కడో అడుగున ఇంకా పాత నేల ఉండేది. అది కరిగిపోయింది. దాని గింజలు కొన్ని కరగకుండా ఈ రాయిలో చిక్కుకుని, మీద కొత్త పొర తొడుక్కున్నాయి. చెత్త కాదు. ఎవరూ కలపలేదు.

*

పెద్దసారు ఈసారి కాగితం దగ్గరగా పట్టుకుని చదివాడు. లేచి పటం దగ్గరికి వెళ్ళి, గులాబిరంగు కొండల కింద చేత్తో నిమిరాడు.

"నాకు అప్పుడే అనిపించింది," అన్నాడు. "ఈ కొండల కింద ఇంకేదో ఉందని పాతికేళ్ళ కిందటే అనిపించింది."

ఆమె ఆయన ముఖం వంక చూసింది. అబద్ధమాడుతున్నట్టు లేదు. నిజంగానే నమ్ముతున్నాడు. అదే ఆమెని ఎక్కువ భయపెట్టింది.

ఆయన అప్పుడే ముందు సంగతులు మాట్లాడటం మొదలుపెట్టాడు. ఇంకో సంస్థ నుంచి పరిశీలకురాలిని పిలవాలి. ఈ విద్యలో అందరూ జంకే మనిషి ఆవిడ. ఆవిడ ఔనంటే ఇక ఎదురుండదు. పలకలో పాత గింజ ఒక్కటే ఉంది. దంచినవాటిలో ఇంకొన్ని ఉన్నాయి. వాటినీ చూపాలంటే యంత్రం శుభ్రంగా ఉందని తేలాలి. "వాణ్ణి పిలిపించు. పిండిమరని. ఆ రోజు కడిగానని ఆవిడ ముందు ఒక్క మాట అంటే చాలు. పనిలోకి మళ్ళీ తీసుకుంటామను."

"అప్పుడు కడగలేదన్నాడు కదండీ."

"జరిగి ఉండొచ్చన్నాడు. అంతే కదా," అన్నాడు పెద్దసారు.

పిండిమర వంటింటి గట్లకి రాయి కోసే దుకాణంలో చేరాడని గేటు కాపలాదారు చెప్పాడు. ఆమె వెళ్ళేసరికి పెద్ద నల్లపలక మీద రంపం నడుస్తోంది, నీళ్ళు చిమ్ముతున్నాయి. ఆయన ఆమెను చూశాడు. రంపం ఆపలేదు. కోత అంచుదాకా వెళ్ళాక మీట నొక్కి, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"చెప్పండమ్మా. గట్టు కావాలా, మెట్లు కావాలా?"

ఆమె నవ్వబోయి, ఆయన నవ్వడం లేదని చూసి ఆగిపోయింది. జరిగింది చెప్పింది. గింజలు రాయిలోవేనని, తప్పు ఎవరిదీ కాదని, సారు పిలుస్తున్నారని, వచ్చి ఆ మాట చెప్పాలని. ఆయన తల వంచుకుని విన్నాడు.

"అప్పుడు కడగలేదని చెప్పించారు. ఇప్పుడు కడిగానని చెప్పమంటున్నారు," అన్నాడు.

"అవును బాబాయ్."

"నాకు అప్పుడూ గుర్తులేదు, ఇప్పుడూ గుర్తులేదు. కడిగే ఉంటాను. చెయ్యికి అలవాటు. కాని గుర్తులేనిదాన్ని గుర్తుందని ఎలా చెప్పను? ఒకసారి సారు ముందు మొహమాటపడి ఒక మాటన్నాను. ఇంటికెళ్ళేసరికి అది నాకంటే ముందే వెళ్ళింది. మా ఆవిడ అడిగింది, 'నిజంగా కడగలేదా' అని." ఆయన తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకున్నాడు. "సారు అడిగితే సరే. మీరడిగితే సరే. ఆవిడ అడిగింది చూడండి..."

దుకాణంలో ఇంకెవరో సుత్తితో అంచు చెక్కుతున్నారు.

"నేనే మొదలుపెట్టాను బాబాయ్. మిమ్మల్ని అనుమానించాను."

"తెలుసు. వేలు పెట్టి గీశారు కదా. అద్దాల కిటికీలో కనబడింది."

ఆమెకి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఇప్పుడు అనుమానం లేదా?" అని అడిగాడాయన.

"లేదు."

"రాయి చెప్పింది కాబట్టి."

ఆమె తల ఊపింది.

"ఆ గింజ ఆ ముక్కలో దొరక్కపోయుంటేనో?" అన్నాడు పిండిమర. కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగాడు. ఆయన కాసేపు చూసి, "సరేలెండి, ఎండలో వచ్చారు, మంచినీళ్ళు తాగి వెళ్ళండి," అని లోపలికి వెళ్ళి గ్లాసు తెచ్చిచ్చాడు. ఆమె తాగేదాకా నిలబడి, గ్లాసు తీసుకుని, మీట నొక్కాడు.

*

పరిశీలకురాలు సన్నగా, పొట్టిగా ఉంది. పెద్ద సంచి తనే మోసుకొచ్చింది. పెద్దసారు కుర్చీ లాగి వేస్తే కూర్చోకుండా ముందు అంకెలు చదివింది. సీనియర్ మళ్ళీ కిటికీ పక్కనే నిలబడ్డాడు.

"ఈ పాతవి ముందు దంచిన రాళ్ళవి కావని ఎలా చెబుతారు?" అంది.

"మా దగ్గర ప్రతి రాయికీ మధ్య యంత్రం శుభ్రం చేస్తారండి," అన్నాడు పెద్దసారు.

"చేస్తారు. ఆ రోజు చేశారా?"

పెద్దసారు ఆమె వంక చూశాడు. ఆ చూపులో చెప్పమని ఉంది, ఏం చెప్పాలో కూడా ఉంది. ఆమె కాగితం బల్లమీద పెట్టేసింది, మడతపెట్టకుండా.

"తెలియదండి. దంచిన ఆయన్ని అడిగాను. గుర్తులేదన్నారు. నేను నమ్ముతున్నాను."

"కడిగారని నమ్ముతున్నారా?"

"గుర్తులేదని నమ్ముతున్నానండి. అంతకుముందు ఈ గదిలోనే ఆయన చేత కడగలేదన్నట్టు అనిపించారు. ఆయన గుర్తుండి అన్నది కాదు. అనమన్నారు, అన్నారు. ఆ ఒక్క మాట మీద ఆయన్ని పనిలోంచి తీసేశారు. అప్పుడు నేనిక్కడే ఉన్నాను, ఏమీ అనలేదు."

పెద్దసారు మెడ ఎర్రబడింది. "ఆ సంగతి ఇప్పుడెందుకు?"

"సార్, నేనూ ఉన్నాను," అన్నాడు సీనియర్, ఇటు తిరిగి.

పరిశీలకురాలు ముగ్గురినీ ఒక్కొక్కరినే చూసింది. ఎవర్ని ఎంత నమ్మాలో కొలుస్తున్నట్టుంది. "అయితే దంచినవన్నీ పక్కన పెట్టండి. నాకక్కర్లేదు. దంచనిది చూపించండి," అంది.

సూక్ష్మదర్శిని ముందు ఆవిడ చాలాసేపు కూర్చుంది. పలకను తిప్పింది, వెలుతురు తగ్గించింది, పెంచింది. తలెత్తకుండానే, "ఒక్కటి చాలదు. ఇంకా కోయండి, ఇంకా వెతకండి. అప్పుడు పిలవండి, వస్తాను," అంది. మళ్ళీ కాసేపటికి, "బాగుంది," అంది. లేచి సంచి భుజాన వేసుకుంటూ పెద్దసారుని అడిగింది, "ఆ గుర్తులేదన్న ఆయన ఎక్కడున్నాడు?"

"పిలిపిస్తున్నామండి," అన్నాడు పెద్దసారు.

పిలిపించారు. తప్పు పిండిమరదేమీ లేదని ఆఫీసులో అందరి ముందూ చెప్పారు. పెద్దసారే చెప్పాడు, క్లుప్తంగా. తర్వాత ఆయన ఆమెతో పనికి కావలసినంతే మాట్లాడాడు. పటం గోడమీద నుంచి దిగలేదు.

పిండిమర ఆ పిలుపుకి శుభ్రమైన చొక్కా వేసుకుని, భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. చెప్పింది విన్నాడు, తల ఊపాడు, పనిలో మాత్రం చేరనన్నాడు. "ఇక్కడ దుమ్ము పొడిగా లేస్తుంది, అక్కడ నీళ్ళు కొట్టి కోస్తాం. ముక్కుకి హాయిగా ఉంది," అన్నాడు. అసలు కారణం అది కాదని ఆయన భార్యకి తెలుసు, ఆమెకీ తెలుసు.

వెళ్ళబోతూ ఆయన ఆమె గది ముందు ఆగాడు. "ఏదమ్మా, అదేదో గింజ. మావిడ చూస్తానంటోంది."

ఆమె పలక సర్ది ఇచ్చింది. ముందు ఆయన భార్య వంగి చూసింది. ఏమీ కనబడటం లేదంది. తర్వాత, "ఆ, నల్లగా, కుండ మాడినట్టుంది," అంది. తల తిప్పి భర్త ముఖంలోకి ఒక్క క్షణం చూసి, పక్కకి జరిగింది. పిండిమర రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, దేన్నీ ముట్టుకోకుండా వంగాడు. చాలాసేపు చూశాడు.

"ఇంత చిన్నదానికా ఇంత రభస! దీనికెన్నేళ్ళన్నారు?"

"మూడొందల ఎనభై కోట్లు."

"అన్నేళ్ళూ ఇందులోనే ఉందా?"

"ఈ రాయి ఇంత పాతది కాదు బాబాయ్. అంతకుముందు ఇంకో రాయిలో ఉండేది. అది ఇప్పుడు లేదు."

ఆయన ఇంకొంచెం వంగాడు.

"అదృష్టమంటే దీనిదేనమ్మా," అన్నాడు, కన్ను తీయకుండానే. "ఇన్నాళ్ళూ దీన్ని ఎవరూ ఏమీ అడగలేదు."